ప్రశ్నలడిగితే కోచింగ్ అయిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆరు నెలల క్రితం ఎనిమిది మంది బృందానికి మీరు లీడ్ అయ్యారు. అంతకుముందు అదే బృందంలో అందరికంటే పని బాగా తెలిసినవారు మీరే. ఈమధ్య రెండు రోజుల మేనేజర్ల శిక్షణకు వెళ్తే "సలహాలు ఇవ్వకండి, ప్రశ్నలు అడగండి, కోచింగ్ అంటే అదే" అని చెప్పి పంపారు. వచ్చి అదే చేశారు. కొత్తగా చేరిన అమ్మాయి "మీకు తెలుసు కదండీ, చెప్పేయవచ్చు కదా" అంది. పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్న సీనియర్ "నన్ను పరీక్షిస్తున్నారా?" అని ముఖం మీదే అడిగారు. ఇంకొకతను అన్నిటికీ "సరేనండి" అంటాడు, వారం తర్వాత చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. వారాంతపు మీటింగులో ఎవరూ నోరు విప్పరు. బయటి నుంచి కోచ్‌ను పిలిపించాలా, లేక ఈ కోచింగ్ అనేదే మీకు సరిపడదా అన్నది మీ సందేహం.

ఆ అమ్మాయి అన్నది నూటికి నూరుపాళ్ళు సబబు. ఆ సీనియర్ అన్నదీ సబబే. మీరు తప్పు చేశారని కాదు, మీకు సగం పాఠమే చెప్పి పంపారు. ఇరవై రెండేళ్ళుగా బృందాలను నడపడం, తర్వాత నడిపేవాళ్ళకు నేర్పడం నా పని. అందులో మొదటి నాలుగైదేళ్ళు నేనూ మీలాగే ప్రశ్నల జాబితా పట్టుకుని తిరిగాను.

ఇన్నేళ్ళలో నాకు తేలిన విషయం ఒకటే. కోచింగ్ అంటే ఇద్దరు మనుషులు ఒకే వైపు కూర్చుని పనిని చూడటం. ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారంటే, మీరడిగేది ఎంత మంచి ప్రశ్న అయినా అది విచారణ అవుతుంది. మీ సీనియర్‌కు జరిగింది అదే. ఆయన చూపు పని మీద నుంచి తన మీదకు మళ్ళింది. "ఈయన నా గురించి ఏమనుకుంటున్నాడు?" అన్న ఆలోచన ఒకసారి తలలోకి దూరితే, ఇక ఆ అరగంటలో నేర్చుకోవడానికి చోటుండదు.

దీనికి గట్టి ఆధారమే ఉంది. 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద, అంటే చేసిన పని ఎలా ఉందో మనిషికి చెప్పడం మీద, అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి లెక్క తీశారు. 607 ఫలితాలు, 23 వేలకు పైగా పరిశీలనలు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పనితీరు తగ్గింది! ఎందుకని వెతికితే వాళ్ళకు కనిపించిన ముఖ్య కారణం, మాట పనిని దాటి మనిషి స్వభావం వైపు జరిగేకొద్దీ ప్రయోజనం పడిపోవడం. "మీకు శ్రద్ధ తక్కువ" అన్నా, "మీరు చాలా తెలివైనవారు" అన్నా వినేవాడి ధ్యాస తన మీదకే పోతుంది. అందుకే పొగడ్త కూడా ఒక్కోసారి చెడగొడుతుంది. నేను ఈ మాట చెప్పినప్పుడల్లా గదిలో సగం మంది నమ్మరు.

అయితే ఇదంతా మొదలుపెట్టకముందు ఒక మెట్టు ఉంది. చాలామంది దాన్ని దాటేస్తారు. అసలు తేడా మనిషిలో ఉందా?

నా అనుభవమే చెబుతాను, నాకు గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ఒకావిడ రోజువారీ లెక్కల నివేదిక తయారు చేసేవారు. సాయంత్రం ఐదుకల్లా పై విభాగానికి వెళ్ళాలి. వారంలో రెండు రోజులు ఆలస్యం, ఒక రోజు తప్పులు. నేను మూడు వారాలు ఆమెకు "కోచింగ్" ఇచ్చాను. సమయపాలన గురించి మాట్లాడాను, పనుల ప్రాధాన్యం గురించి మాట్లాడాను, ఆమె ప్రతిసారీ తల ఊపారు. నాలుగో వారం ఒకరోజు మధ్యాహ్నం విసుగొచ్చి, ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మాట్లాడలేదు, చూస్తూ కూర్చున్నాను. ఆమె స్క్రీన్ అంచుకు పసుపు కాగితం ఒకటి అంటించి ఉంది. దాని మీద పెన్నుతో ఆ నెల తేదీలు, ఒక్కో తేదీ పక్కన ఒక సమయం: 3.10, 3.25, 4.40, 3.05, 4.50. ఏమిటవి అని అడిగాను. "డేటా ఫైలు నాకు వచ్చే సమయాలండి. నాలుగున్నర దాటి వచ్చిన రోజున ఐదుకి ఇవ్వడం కుదరదు. తొందరపడి ఇస్తే తప్పులు వస్తాయి." ఈ మాట ముందే చెప్పవచ్చు కదా అన్నాను. "మీరు నా గురించే అడుగుతున్నారు కదండీ, ఫైలు గురించి అడగలేదు" అన్నారు.

పుండు ఒకచోట, మందు ఒకచోట అంటే ఇదే. ఆ ఫైలు పంపే విభాగంతో పావుగంట మాట్లాడితే తెగిపోయిన సమస్య అది. అందుకోసం ఒక మంచి ఉద్యోగిని మూడు వారాలు దోషిలా నిలబెట్టాను.

శిక్షణరంగంలో రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ 1970లో ప్రచారంలోకి తెచ్చిన ఒక మొరటు పరీక్ష ఉంది. "ప్రాణం మీదకు వస్తే ఈ మనిషి ఈ పని చేయగలడా?" చేయగలడు అంటే లోపం నైపుణ్యంలో లేదు. నేర్పితే లాభం లేదు. పనిముట్లు ఉన్నాయా, సమాచారం సమయానికి అందుతోందా, ఏది ముందు చేయాలో ఇద్దరు పైఅధికారులు రెండు రకాలుగా చెబుతున్నారా, సరిగ్గా చేసినవాడికి బహుమతిగా ఇంకా ఎక్కువ పని నెత్తిన పడుతోందా, ఇవి చూడాలి. ఈ చివరిది నేను చూసిన చోట్లలో సర్వసాధారణం. వేగంగా చేసేవాడికి పక్కవాడి పని కూడా ఇచ్చేస్తాం, ఆరు నెలల తర్వాత అతను నెమ్మదించాడని కోచింగ్‌కు పిలుస్తాం. మీ "సరేనండి" ఉద్యోగి విషయంలో ముందు ఈ సంగతి తేల్చుకోండి. ఒక గంట అతని పక్కన కూర్చోండి, చేతిలో నోటు పుస్తకం కూడా లేకుండా. పుస్తకం తీస్తే తనిఖీ అనుకుంటాడు.

ఇప్పుడు ఆ కొత్త అమ్మాయి సంగతి. ఏమీ తెలియనివారిని "మీరేమనుకుంటున్నారు?" అని అడగడం ఈత రానివాణ్ణి నీళ్ళలోకి తోసి "ఎలా అనిపిస్తోంది?" అనడం లాంటిది. 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డ్రైఫస్ సోదరులు, స్టూవర్ట్, హ్యూబర్ట్, నైపుణ్యం ఎదిగే తీరును ఐదు దశలుగా చెప్పారు. మొదటి దశలో మనిషికి కావలసింది సూత్రాలు: ఇది వస్తే ఇలా చెయ్యి, అది వస్తే అలా చెయ్యి. సందర్భాన్ని బట్టి నిర్ణయించుకోవడం తర్వాత్తర్వాత వస్తుంది. చివరి దశలో ఉన్నవాడికి సూత్రాలు అడ్డం కూడా అవుతాయి, తను చేసేది ఎందుకు చేస్తున్నాడో అతనే విడమరచి చెప్పలేడు. మీ ఇబ్బంది ఇక్కడే ఉంది. మీరు ఐదో దశలో ఉన్నారు, ఆవిడ మొదటి దశలో ఉంది. మీకు కళ్ళు మూసుకున్నా కనిపించేది ఆవిడకు కళ్ళు తెరిచినా కనిపించదు.

కాబట్టి ఆ అమ్మాయికి నేర్పండి. చేసి చూపించండి, పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి, తర్వాత వదిలిపెట్టి సాయంత్రం చూడండి. చేసి చూపిస్తున్నప్పుడు మీ తలలో జరిగేది పైకి మాట్లాడండి: "ఇక్కడ ఈ అంకె చూసి ఆగాను, ఎందుకంటే పోయిన నెల దీనికి సగమే ఉంది." నిపుణుడి చేతి కదలికలు కొత్తవారికి కనిపిస్తాయి, కన్ను ఎక్కడ ఆగిందో కనిపించదు. అది మాటల్లో పెట్టడమే మీరు ఆవిడకు చేయగల పెద్ద సాయం. ప్రశ్నలకు వేళ తర్వాత వస్తుంది. ఆవిడ మీ దగ్గరకు వచ్చి "ఇలా చేయవచ్చా, అలా చేయవచ్చా?" అని రెండు దారులతో వచ్చిన రోజు, అప్పుడు "మీరైతే ఏది ఎంచుకుంటారు?" అనండి. అంతకుముందు అనకండి.

ఇక మీరు అడిగిన "ఏ పద్ధతి?" అన్నదానికి. బ్రిటన్‌లో 1980ల్లో రూపుదిద్దుకున్న గ్రో పద్ధతినే మీ శిక్షణలో చెప్పి ఉంటారు. అంతకుముందు కార్ల పందేల్లో పాల్గొన్న జాన్ విట్‌మోర్ దాన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. ఏం కావాలి, ఇప్పుడెక్కడున్నాం, ఏయే దారులున్నాయి, ఏం చేయబోతున్నారు అన్న నాలుగు మజిలీలు. పద్ధతి మంచిదే. చెడేది ఎక్కడంటే, రెండో మజిలీని రెండు నిమిషాల్లో ముగించి మూడోదానికి పరుగెత్తడం వల్ల. ఉన్నది ఉన్నట్టు చూడటంలోనే మూడొంతుల పని ఉంది. విట్‌మోర్ వంటివారికి దారి చూపినది టెన్నిస్ శిక్షకుడు టిమోతీ గాల్వే. "బంతిని చూడు" అని ఎంత అరిచినా ఆటగాడు చూడడు, చూడాలన్న ఆదుర్దా మాత్రం పెరుగుతుంది. అందుకని ఆయన, బంతి నేలను తాకినప్పుడు ఒక మాట, రాకెట్టుకు తగిలినప్పుడు ఇంకో మాట పైకి అనమనేవారు. అంతే. ఆ రెండు మాటలూ సమయానికి అనాలంటే బంతిని చూడక తప్పదు. మంచి కోచింగ్ ప్రశ్న చేసేదీ ఇదే, చూడక తప్పని చోటికి చూపును తీసుకెళ్తుంది.

ఒక సంభాషణ రాస్తాను. ఖాతాదారుల ఫిర్యాదులకు జవాబులు రాసే ఒకతని జవాబులు తనిఖీ నుంచి పదే పదే వెనక్కి వస్తుండేవి. మీ "సరేనండి" మనిషికి అచ్చం కవల సోదరుడు. వెనక్కి వచ్చిన మూడు జవాబులు బల్ల మీద పెట్టి, ఇద్దరం ఒకే వైపు కూర్చున్నాం.

"ఇందులో మొదటిది చూద్దామా?" అన్నాను.

"నాదే పొరపాటండి. ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను."

"జాగ్రత్త సంగతి తర్వాత చూద్దాం. ఇది రాసేముందు ఫిర్యాదును ఎలా చదివారు?"

"పైపైన... ఏ రకందో చూస్తాను. డబ్బు వాపసు గురించైతే దాని నమూనా జవాబు తీస్తాను."

"ఇందులో ఆయన అడిగింది ఏమిటి?"

అతను మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. నేను ఊరుకున్నాను. కింద నుంచి మూడో వరుస దగ్గర అతని వేలు ఆగింది.

"డబ్బు రాలేదని కాదండీ... వచ్చినట్టు తనకు మెసేజ్ రాలేదని."

"మిగతా రెండూ చూడండి."

ఈసారి ఎక్కువ సేపే పట్టింది. "దీంట్లోనూ అంతే. అడిగింది చివర్లో ఉంది. నేను మొదటి వాక్యం చూసి నమూనా తీసేస్తున్నాను."

"ఏం చేద్దామనుకుంటున్నారు?"

"పూర్తిగా చదువుతాను."

"పూర్తిగా చదివారని మీకెలా తెలుస్తుంది?"

చాలాసేపు మౌనం. నాకైతే పది నిమిషాల్లా అనిపించింది. తర్వాత అతనే అన్నాడు: "నమూనా తెరవకముందు, ఆయనకు ఏం కావాలో నా మాటల్లో ఒక్క వాక్యం రాసుకుంటాను."

"ఎన్నాళ్ళు?"

"ఈ శుక్రవారం వరకు, అన్నిటికీ."

"నేనేం చేయాలి?"

"శుక్రవారం ఆ వాక్యాలు చూడండి. జవాబులు వద్దు, వాక్యాలు చాలు."

మొత్తం పద్దెనిమిది నిమిషాలు. రెండో నిమిషానికే జవాబు నాకు తెలుసు. "చివరిదాకా చదవండి" అని చెప్పి పంపేసి ఉండవచ్చు, అతను "సరేనండి" అని వెళ్ళిపోయేవాడు. ఆ మాట అంతకుముందు అతనికి నలుగురు చెప్పారు కూడా. ఆ ఒక్క వాక్యం రాసుకునే ఉపాయం నాకు తట్టలేదు, అది అతనిదే. అందుకే చేశాడు.

ఇందులో మీరు గమనించాల్సినవి ఒకటి రెండు ఉన్నాయి. "నాదే పొరపాటు" అన్నప్పుడు చాలామంది మేనేజర్లు తృప్తిపడి లేచిపోతారు. ఒప్పుకోలు వచ్చేసింది కదా! ఆ ఒప్పుకోలు తలుపు గడియ లాంటిది, లోపలికి రానివ్వకుండా వేసేది. "సరేనండి" కూడా అదే. అతన్ని మార్చాలని చూడకండి, ఆ గడియ పక్కన పెట్టి కాగితం వైపు తిరగండి. రెండోది, "ఎందుకు" అన్న మాట అందులో ఎక్కడా లేదు. "ఎందుకు చదవలేదు?" అంటే మనిషి సాకు వెతుక్కుంటాడు. "ఎలా చదివారు?" అంటే జరిగింది చెబుతాడు. నేనేదో నియమంగా పాటిస్తానని కాదు, యంత్రం గురించి అయితే "ఎందుకు" అనే అడుగుతాను.

మౌనం గురించి ఒక మాట. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త తరగతి గదుల్లో దీన్ని కొలిచారు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను ఆగి, జవాబు రాకపోతే తామే అందుకుంటున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివిలోనూ, నాణ్యతలోనూ పెరిగాయి, "తెలియదు" అనడం తగ్గింది. మూడంటే మూడు సెకన్లు. ఆఫీసుల్లో మనం అది కూడా ఆగం. నేను ఆగడం నేర్చుకోవడానికి పెద్ద ఉపాయమేమీ లేదు, నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకుని, ప్రశ్న అడగగానే ఒక గుక్క తాగేవాణ్ణి.

ఫీడ్‌బ్యాక్ గురించి ఇంకొక్క సంగతి చెప్పి వదిలేస్తాను. మీటింగులో పేరు చెప్పకుండా "మనలో కొందరు ఆలస్యంగా వస్తున్నారు" అని అందరికీ కలిపి అనకండి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేది ఎప్పుడూ సమయానికి వచ్చేవాళ్ళే. అసలు మనిషి తనను కాదనుకుంటాడు. ఒకరికి చెప్పాల్సింది ఒక్కరికే, జరిగిన రోజే లేదా మర్నాడే చెప్పాలి.

ప్రతిదానికీ కోచింగ్ మందు కాదని కూడా తెలుసుకోండి. ఒకరు సహోద్యోగిని అవమానిస్తే, లెక్కలు తారుమారు చేస్తే, అక్కడ "మీకేమనిపిస్తోంది?" అని అడగడం పిరికితనం. నియమం చెప్పాలి, సంస్థ పద్ధతి ప్రకారం నడవాలి. ఆరోగ్యమో కుటుంబ కష్టమో వెనక ఉందని తెలిస్తే మనం వైద్యులం కాదు, సెలవు, వెసులుబాటు, సరైన సాయం దొరికే చోటు చూపించడం, అంతవరకే.

ఇప్పుడు బృందం. మీ మీటింగులో ఎవరూ మాట్లాడరన్నారు. దాన్ని చురుకుగా చేయడానికి ఆటలు, చప్పట్లు లాంటివి మొదలుపెట్టకండి, దయచేసి. ముందు బృందం నిర్మాణం ఎలా ఉందో చూడండి. ఎవరి పని ఎక్కడ ముగుస్తుంది, ఉమ్మడిగా సాధించాల్సింది ఏమిటి, అసలు ఆ ఎనిమిది మందికి కలిసి చేయాల్సిన పని ఉందా, లేక ఎనిమిది వేర్వేరు పనులు ఒకే గదిలో జరుగుతున్నాయా? రూత్ వేజ్‌మన్ అనే పరిశోధకురాలు 2001లో ప్రచురించిన అధ్యయనంలో 43 సర్వీసు బృందాలను పరిశీలించారు. బృందం నిర్మాణం సరిగ్గా ఉన్నచోట మంచి కోచింగ్ బాగా పనిచేసింది. నిర్మాణం చెడ్డచోట ఎంత మంచి కోచింగూ పెద్దగా ఉపయోగపడలేదు. పునాది లేని గోడకు సున్నం వేసినట్టు.

వేళ కూడా ముఖ్యమే. కాన్నీ గెర్సిక్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది బృందాలను మొదటి సమావేశం నుంచి చివరిదాకా వెంటాడి చూశారు. కొన్నింటి గడువు రోజుల్లో, కొన్నింటిది నెలల్లో. గడువు ఎంతైనా, ప్రతి బృందమూ దాదాపు సరిగ్గా సగం సమయం గడిచేసరికి పాత పద్ధతి వదిలి కొత్త దారి పట్టింది. అంతవరకు పట్టిన దారినే సాగింది. దీన్ని ఆధారం చేసుకుని రిచర్డ్ హ్యాక్‌మన్ అనే పరిశోధకుడు, వేజ్‌మన్ కలిసి 2005లో చెప్పింది ఏమిటంటే: మొదట్లో బృందానికి కావలసింది ఉత్సాహం, పని మీద పట్టు, సగంలో కావలసింది "మనం వెళ్తున్న దారి సరైనదేనా?" అన్న చర్చ, నేర్చుకున్నది నెమరువేసుకోవడం చివర్లో, పని అయ్యాక. నేను ఇది తెలియక ముందు ప్రాజెక్టు మొదలైన రెండో వారంలోనే పద్ధతి మార్చుదామా అని చర్చ పెట్టేవాణ్ణి, అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవారు. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టుకూ క్యాలెండరులో సగం రోజు గుర్తు పెట్టుకుంటాను. ఆ రోజు ఒక గంట, వేరే పని ఏదీ పెట్టుకోకుండా, ఆ ఒక్క ప్రశ్నే.

నోరు విప్పకపోవడానికి మరో కారణం భయం. ఏమీ ఎరగనట్టు కనిపిస్తామన్న భయం, తప్పు ఒప్పుకుంటే సమీక్షలో కనిపిస్తుందన్న భయం. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేశారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆశిస్తే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి! తరచి చూస్తే, ఆ వార్డుల్లో పొరపాట్లను దాచకుండా చెప్పుకుంటున్నారని తేలింది. మీ బృందంలో ఈ నెల ఎన్ని తప్పులు మీ దాకా వచ్చాయో లెక్కపెట్టండి. సున్నా అయితే సంతోషించకండి.

బయటి కోచ్ సంగతి క్లుప్తంగా. ఇప్పుడు అవసరం లేదు. మీకే వ్యక్తిగతంగా ఒకరు కావాలనిపిస్తే పిలిపించుకోండి, దానికి అర్థముంది. అప్పుడు అర్హత చూడండి: 1995లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే మూడు మెట్ల గుర్తింపుల్లో మొదటిదైన ఏసీసీకి కనీసం 100 గంటలు, దానిపైన పీసీసీకి 500, అన్నిటికంటే పైదైన ఎంసీసీకి 2,500 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి. గంటలున్నంత మాత్రాన గొప్ప కోచ్ అనలేం, లేనివాళ్ళను వడకట్టడానికి పనికొస్తుంది. లోపల జరిగిన సంభాషణలో ఏది సంస్థకు చేరుతుంది, ఏది చేరదు అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. ఇది మరిచిపోయి బాధపడినవాళ్ళు చాలామంది.

చివరగా మీ సీనియర్. ఆయన అనుమానానికి కారణం ఉంది. ఆయన వార్షిక సమీక్ష రాసేది మీరు. నిన్నటిదాకా పక్క కుర్చీలో ఉన్నవారు ఇవాళ "మీ లక్ష్యం ఏమిటి?" అని అడిగితే ఎవరికైనా కాలుతుంది. మూడు నెలలు ఆయన్ను ఏ ప్రశ్నా అడగకండి, పనికి సంబంధించి నిజంగా మీకు తెలియనిది తప్ప. దానికి బదులు మీ పనిని ఆయన కళ్ళ ముందు పెట్టండి. నేను నా సీనియర్ ఒకాయన్ను అడిగింది ఇది: "మీటింగులో ఎవరూ మాట్లాడటం లేదు. నేనేదో చేస్తున్నాను, నాకు కనిపించడం లేదు. వచ్చే మీటింగులో మీరు వెనక కూర్చుని, ఎవరైనా మాట్లాడుతుండగా నేను ఎన్నిసార్లు అడ్డుపడ్డానో లెక్కపెడతారా?"

ఆయన అనుమానంగానే ఒప్పుకున్నారు. నలభై నిమిషాల మీటింగు అయ్యాక, మడిచిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అందులో నిలువు గీతలు. లెక్కపెడితే పదకొండు. ఒక గీత పక్కన చిన్న అక్షరాలతో, మా కొత్త కుర్రాడు రెండోసారి మాట్లాడే ప్రయత్నం చేయలేదు అని రాసి ఉంది.

తర్వాతి వారం ఏడు. ఆ వారం కాగితం ఇస్తూ కుర్చీ లాక్కుని, నా పక్కనే కూర్చున్నారు.